దిగినకాడ్నే కూసోవాలె

మల్లప్ప మూడు పెద్ద పట్నాల్లో మట్టి తవ్వాడు. హైదరాబాదు, కలకత్తా, బొంబాయి. ఏ పట్నంలోనూ చూడదగ్గది ఏదీ చూడలేదు. కాని ఎక్కడ జనం బండి ఎట్లా ఎక్కుతారో, ఎట్లా దిగుతారో అతనికి తెలిసినంతగా దేవరకద్రలో ఇంకెవరికీ తెలియదు. స్టేషను ముందర బాబా మియా సైకిలు దుకాణం దగ్గర కూర్చుని ఉంటే, కొత్తగా వలసపోయేవాళ్లు వచ్చి అతన్నే అడిగేవాళ్లు.

హైదరాబాదులో బస్సు ఆగవలసిన చోట ఆగదని చెప్పేవాడు. పది గజాలు ముందుకు పోయి ఆగుతుంది. దాని వెనక ఉరకడం వచ్చినవాడే ఆ ఊళ్లో బతుకుతాడు. ఆడవాళ్లది ముందు తలుపు, మగవాళ్లది వెనక తలుపు. ఆలుమగలు ఒకే బస్సులో ఉండి కూడా దిగేదాకా ఒకరి మొహం ఒకరు చూడరు. కలకత్తాలో నడివీధి పట్టాల మీద ట్రాము గంట కొట్టుకుంటూ ముసలి ఎద్దులాగా పోతుంది. ఎక్కేవాడు నడుస్తూ ఎక్కుతాడు, దిగేవాడు నడుస్తూ దిగుతాడు. అక్కడ మనిషిని మనిషి లాగే బండి కూడా ఉంది. మోకాటిలోతు నీళ్లు నిలిచిన ఒక వానరోజు మేస్త్రి తనను దాంట్లో కూర్చోబెట్టాడు. దిగేదాకా లాగేవాని వీపు చూడలేక తల దించుకునే ఉన్నాడట.

"మరి బొంబైల?" అని అడిగేవాళ్లు.

"బొంబైల నువ్వు ఎక్కవు, ఎక్కిస్తరు. నువ్వు దిగవు, దింపుతరు."

అంతకుమించి చెప్పేవాడు కాదు. బాబా మియా అడగనిచ్చేవాడూ కాదు. గుర్వమ్మ సంగతి ఆయనకు తెలుసు.

గుర్వమ్మ మల్లప్ప పెళ్లాం. ఎనభై రెండులో ఒక పొద్దున దాదరు స్టేషనులో జనం ఆమెను డబ్బాలోకి తోసి, మల్లప్పను ప్లాట్‌ఫారం మీద వదిలేశారు. బండి పోయింది. ఆమె తరువాతి స్టేషను మాతుంగాలో దిగింది. గంటన్నర కూర్చుంది. ఆ తరువాత స్టేషను గది ముందు నిలబడి ఏడ్చింది. అక్కడ తెలుగు వచ్చిన హమాలీ ఒకడున్నాడు. మొగని పేరు చెప్పు, మైకులో పిలిపిస్తామన్నాడు. గుర్వమ్మ చెప్పలేదు. పెళ్లయిన నాటినుంచి ఆ పేరు ఆమె నోట పలికింది లేదు. 'మా సుగుణ వాళ్ల బాపు' అన్నది. ఎన్నిసార్లు అడిగినా అదే అన్నది. చివరికి బయటికొచ్చి పట్టాల మీదికి దిగి, దాదరు దిక్కు నడిచింది.

ఊళ్లో అందరూ చేసే పనే అది. దేవరకద్ర మీదుగా పోయేది చిన్న లైను. దినమంతా కలిపి నాలుగు బండ్లు. బండి తప్పిపోతే జనం పట్టాల వెంట నడిచి పక్క స్టేషనుకు పోతారు. మూట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి చెయ్యెత్తితే డ్రైవరు మెల్లగా చేస్తాడు, గార్డు తిట్టుకుంటూనే ఎక్కించుకుంటాడు. మాతుంగాలో ఎదురుగా వస్తున్న బండికి గుర్వమ్మ చెయ్యెత్తిందని హమాలీ చెప్పాడు.

మల్లప్ప ఆమెను క్షమించలేదు. పేరు చెప్తే బతికేది. కూర్చున్నచోట కూర్చుంటే బతికేది. బొంబాయి బండిని చెయ్యెత్తి ఆపబోయిన తిక్కది అని తొమ్మిదేళ్లుగా తిడుతూనే ఉన్నాడు. చచ్చినదాన్ని తిట్టొద్దని అక్క భద్రమ్మ అంటే, ఆమెనూ తిట్టేవాడు.

తొంభై ఒకటి ఎండకాలంలో అల్లుడు సైదులు దగ్గరనుంచి కబురు వచ్చింది. బొంబాయిలో, గోరేగావ్ దగ్గర కడుతున్న మేడల కింద కాపురముంటున్న సుగుణమ్మకు ఏడో నెల. తొలికాన్పు పుట్టింట్లో కావాలి. సైదులు తీసుకురాలేడు. స్లాబులు పడుతున్నాయి, మేస్త్రి వదలడు. తల్లి లేని పిల్ల, తండ్రే పోయి తెచ్చుకోవాలి. మల్లప్ప రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోనాడు పాలమూరులో బొంబాయి బస్సు ఎక్కాడు.

బస్సు కుర్లాలో దింపింది. సైదులు వచ్చి ఉన్నాడు. లోకల్ రైలుకు పోదామంటే మల్లప్ప ససేమిరా అన్నాడు. సిటీ బస్సులో పోయారు. పైపుల కోసం రోడ్డు తవ్వి ఉంది. మూడు గంటలు పట్టింది. దారిపొడుగునా మల్లప్ప కిటికీ చువ్వను వదల్లేదు.

తిరుగు ప్రయాణం గురువారం. కుర్లాలో బస్సు రాత్రి ఏడుకు. పగలు పన్నెండుకే సిటీ బస్సు ఎక్కండి, ఖాళీగా ఉంటుంది, సుగుణకు సీటు దొరుకుతుంది, ఎంత ఆలస్యమైనా అందుతుందని సైదులు చెప్పాడు. మంచి ఉపాయమే. కాని బయలుదేరే లోపల సుగుణమ్మ ఒకటి మరిచింది, ఇంకొకటి మరిచింది. ఒంటిగంట దాటింది. ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. ఏడో నెల పిల్లను రాహుకాలంలో గడప దాటించనని మల్లప్ప మూట మీద కూర్చున్నాడు.

"బొంబైల రాహుకాలం నడ్వది మామా. ఈడ ఐదు గొట్టంగ మొదలైతది అసలు రాహుకాలం," అన్నాడు సైదులు.

మల్లప్ప వినలేదు. సైదులు తల కొట్టుకుని పనికి పోయాడు. మూడు దాటాక బయటపడ్డారు. ఇక సిటీ బస్సుకు టైము లేదు. రైలే గతి. దాదరు దాకా ఒక బండి, అక్కడ వంతెన దాటి కుర్లాకు ఇంకో బండి. దాదరు పేరు వినగానే మల్లప్ప నడక మందగించింది, గోరేగావ్ స్టేషను చేరేసరికి నాలుగున్నర దాటింది.

గోరేగావ్ ప్లాట్‌ఫారం మీద అతను కూతురికి ఒక మాట నేర్పాడు. తొమ్మిదేళ్లు మనసులో దిద్దుకున్న మాట అది.

"తప్పిపోతే, ఎక్కినోళ్లు ముందటి టేషన్ల దిగాలె. దిగినకాడ్నే కూసోవాలె. మిగిలినోళ్లు ఎన్కబండికి రావాలె. ఎవరైన సరే, లెవ్వొద్దు."

సుగుణమ్మ నవ్వింది. ఆమె మూడేళ్లుగా ఈ బండ్లలోనే తిరుగుతోంది. ఏది స్లో, ఏది ఫాస్టు, ఏ డబ్బా ఎక్కడ ఆగుతుంది, అన్నీ ఆమెకు తెలుసు. "నేను ఆడోళ్ల డబ్బల ఎక్కుత బాపూ. నువ్వు పక్క డబ్బల ఎక్కు. ఇద్దరం ఒక్కకాడ్నే దిగుతం," అన్నది.

అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వదల్లేదు. ఆ పూట జనమంతా ఎదురు దిక్కు పోతున్నారు. వీళ్ల బండి సగం ఖాళీ. మగవాళ్ల డబ్బాలోనే ఇద్దరికీ సీటు దొరికింది. తాను పట్టుకున్నాడు కాబట్టే ఏమీ కాలేదని మల్లప్ప అనుకున్నాడు.

దాదరులో వంతెన మీదికి వచ్చేసరికి ఐదు దాటింది.

కింద కుర్లా దిక్కు పోయే ప్లాట్‌ఫారం కనబడలేదు. తలకాయలే కనబడ్డాయి. మెట్లు దిగుతుంటే వెనకనుంచి తొక్కిడి. సుగుణమ్మ మూటను భుజానికి వేలాడేసుకుని, ఒక చెయ్యి కడుపుకు అడ్డం పెట్టుకుంది. రెండో చెయ్యి తండ్రి గుప్పిట్లో ఉంది. ఆడవాళ్ల డబ్బా ఆ చివర ఆగుతుంది, అక్కడికి పోదామని ఆమె రెండుసార్లు చెప్పింది. అతనికి వినబడింది. కాని అంతదూరం పోయి ఆమెను విడిగా ఎక్కించడమా? ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

బండి ఆగకముందే జనం దానిమీద పడ్డారు. దిగేవాళ్లను దిగనిచ్చే దాకా నిలబడేవాడు అక్కడ ఒక్కడు లేడు. ఎవని మోచెయ్యో మల్లప్ప పక్కటెముకల్లో దిగింది. కాళ్లు నేల మీద లేవు. అరచేతి కింద గాజులు జరిగాయి, ఒకటి పుటుక్కుమంది. తరువాత చేతిలో ఏమీ లేదు. తాను డబ్బా లోపల ఉన్నాడు. అరిచాడు. ఆ కిక్కిరిసిన లోపల వెనక్కి చూడటానికి మెడ కూడా తిరగలేదు. బండి కదిలింది.

మాతుంగాలో దిగేవాళ్లు అతన్ని తోసుకుంటూ బయట పడేశారు. లేచి నిలబడి, తన మాటే తాను గుర్తు చేసుకున్నాడు. దిగినకాడ్నే కూసోవాలె. ఎదురుగా సిమెంటు బెంచీ ఉంది. కూర్చున్నాడు.

ఒక బండి వచ్చింది. సుగుణ లేదు. మల్లప్ప లేవలేదు. ఇంకో బండి వచ్చింది. దిగినవాళ్లంతా మెట్లెక్కి పోయేదాకా ఒక్కొక్కరి మొహమూ చూశాడు. సుగుణ లేదు. మధ్యలో పక్కలైను మీద ఆగని బండ్లు వస్తున్నాయి. రాకముందే నేల అదురుతుంది, వచ్చాక గాలి మొహాన కొడుతుంది, పోయాక పట్టాలు చాలాసేపు గుసగుసలాడుతాయి. సుగుణ తెలియక వాటిలో ఒకదాంట్లో ఎక్కి ఉంటే? ఇక్కడ ఆగదు. ఈ బెంచీ మీద తాను కూర్చుని ఉండగానే, బిడ్డ ఎదుటనుంచి దాటిపోయి ఉంటుంది.

ఆగని బండి సంగతి మల్లప్పకు బాగా తెలుసు. తొమ్మిదేళ్ల కింద ఆ పొద్దున అతనొక్కడే దాదరులో మిగల్లేదు. మేస్త్రి ఉన్నాడు, ముఠా అంతా ఉంది. నీ పెళ్లాం ఏం చిన్నపిల్లా, దిగి వస్తుంది, పని చెడుతుంది నడువు అన్నాడు మేస్త్రి. అతను నడిచాడు. వాళ్లెక్కిన బండి మాతుంగాలో ఆగలేదు. తలుపు దగ్గర నిలబడ్డ మల్లప్పకు ఈ ప్లాట్‌ఫారం సర్రున వెనక్కి పోవడం కనబడింది. ఒక బెంచీ, దానిమీద ఎర్రచీర. అది గుర్వమ్మదో కాదో అంత వేగంలో తెలియలేదు. తెలియలేదనే అనుకున్నాడు. పనికి పోయి మధ్యాహ్నం దాకా తవ్వాడు. ఈ ముక్క అతను భద్రమ్మకు చెప్పలేదు, బాబా మియాకు చెప్పలేదు. పేరు చెప్పలేదని, కూర్చోలేదని గుర్వమ్మనే తిట్టాడు.

ఇప్పుడు కూర్చున్నవాడు తాను. ఎంతసేపయిందో తెలియదు. గోడ మీద గడియారం ఉంది, కాని ముల్లు ఎక్కడినుంచి బయలుదేరిందో అతను చూసుకోలేదు. దాదరులో జనం కాళ్ల కింద కూతురు పడి ఉన్నట్టు ఒకసారి కళ్లకు కట్టింది. ఒకసారి కట్టాక మళ్లీ మళ్లీ కట్టింది. వంతెనెక్కి ఎదురు ప్లాట్‌ఫారం మీద దాదరు బండి పట్టుకోవచ్చు. కాని బోర్డుల మీది అక్షరాలు తనవి కావు. ఏ బండి ఎటు పోతుందో తెలియదు. తాను వంతెన మీద ఉన్నప్పుడు బిడ్డ ఇక్కడికి వస్తే? పట్టాలైతే తప్పవు. పట్టాల పక్కన నడిస్తే వచ్చే బండ్లన్నీ కనబడతాయి. బిడ్డ పట్టాల మధ్య పడి ఉన్నా కనబడుతుంది.

లేవొద్దని తెలుసు. లేచాడు.

ప్లాట్‌ఫారం చివర వాలుగా ఉంది. దిగాడు. కంకర గుచ్చుకుంది. ఒక బండి వస్తే పక్కకు తప్పుకున్నాడు, అది స్టేషనులోకి పోయేదాకా తలుపుల్లో వేలాడే మగవాళ్లే కనబడ్డారు. నాలుగు లైన్లు, ఏది ఎటు పోతుందో ఆ దేవునికే తెలియాలి. అయినా కాళ్లకు భయం లేదు. స్లీపరు మీదనుంచి స్లీపరు మీదికి, ఊళ్లో నడిచినట్టే అడుగులు పడుతున్నాయి. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. గుర్వమ్మ కాళ్లు కూడా ఇట్లాగే నడిచి ఉంటాయి. కళ్లు మాత్రం పట్టాల మధ్య వెతుకుతున్నాయి. చింపిరి గుడ్డ కనబడితే ఆగుతున్నాడు. చెప్పు కనబడితే ఆగుతున్నాడు.

రెండు వందల అడుగులు పోయి ఉంటాడు. తన లైను మీద ముందర దూరంగా బండి కనబడింది. పక్క లైను ఖాళీగా ఉంది. అటు దాటుదామని కాలెత్తాడు.

వెనకనుంచి మైకు మోగింది. ఏదో హిందీ. అందులో తన పేరు.

మల్లప్ప. దేవరకద్ర మల్లప్ప. మళ్లీ ఇంకోసారి, జిల్లా పేరుతో సహా.

ఆ పట్నంలో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు అంతవరకు లేరు. ఏ మేస్త్రికైనా అతను పాలమూరోడే. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి వెనక్కి తిరిగాడు. తిరిగినవాని మొహం ముందరనుంచి, దాటబోయిన ఖాళీ లైను మీద, మాతుంగా దిక్కునుంచి వచ్చిన ఆగని బండి దూసుకుపోయింది. దాని కూత కూడా అతనికి అప్పుడే వినబడింది. గాలికి పగిడి ఊడి కంకరలో పడింది. తన లైను మీది బండి ఇంకా దూరంగానే ఉంది. పగిడి తీసుకోలేదు. పట్టాల అంచుకు దూకి, పరుగెత్తాడు. ఎప్పుడో బిగుసుకుపోయిన మోకాళ్లు ఎట్లా వంగాయో తెలియదు.

వాలు దాకా పోయే ఓపిక లేక ప్లాట్‌ఫారం అంచు పట్టుకుని వేలాడాడు. ఎవరో ఇద్దరు చంకల్లో చేతులేసి పైకి లాగారు. లాగినవాళ్లు ఒక బూతు తిట్టి తమ బండికి పరుగెత్తారు.

సుగుణమ్మ స్టేషను గది ముందునుంచి వచ్చింది. మెల్లగానే వచ్చింది, కడుపుతో ఉన్న మనిషి. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"కూసోమన్నది నువ్వేనాయె. లేచింది నువ్వేనాయె," అన్నది.

మల్లప్పకు చాలాసేపు ఊపిరి అందలేదు. అందగానే కసిరాడు. "ఇంత ఆలిశం ఏంది? యాడ సచ్చినవ్?"

"రెండు బండ్లు ఇడిసిన. గంత మందిల కడుపు పట్టుకొని ఎట్లెక్కుదు? మూడో దాంట్ల ఆడోళ్ల డబ్బల జాగ దొర్కింది. వచ్చి చూస్తె నువ్వు లేవు."

"నా చేతులకెంచి చెయ్యి జారిపోయె. నేను పట్టుకునే ఉంటిని."

"జారలే. నేనే గుంజుకున్న."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. మణికట్టు మీద గాజు గీరిన చోట రక్తం ఎండి ఉంది. నువ్వు నా చెయ్యి వదలకుండా ఎక్కితే నేను నలిగిపోయేదాన్ని, లోపల ఉన్నదీ నలిగిపోయేది అని ఆమె అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది.

అతను ఇంకొకటి అడిగాడు. "మైకుల నా పేరు ఎవరు చెప్పిచ్చిన్రు?"

"నేనే. పేరడిగిండ్రు, చెప్పిన. ఊరడిగిండ్రు, చెప్పిన. అడ్డదిడ్డం మాట్లాడే ముసలోడు, తెల్లపగిడి అని గూడ చెప్పిన. గది మైకుల చెప్పలేదు." ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మల్లప్ప బెంచీ మీద కూర్చున్నాడు. ఆమెనూ కూర్చోబెట్టాడు. గుర్వమ్మను తిట్టే తిట్టు ఒకటి, ఎప్పుడూ నాలుక చివరే ఉండేది, దానికోసం వెతుక్కుంటే ఆ పూట దొరకలేదు.

ఏడుకు బస్సు. ఇంకా రెండు స్టేషన్లు పోవాలి. సుగుణమ్మ లేచి, ఆ చివర ఆడవాళ్ల డబ్బా ఆగే చోటికి నడవబోయింది. అతని చెయ్యి దానంతటదే ఆమె మణికట్టు మీదికి పోయింది. ఆమె ఆగింది. గుంజుకోలేదు. వదిలేదాకా నిలబడింది.

వదిలాడు.

"సయన్ల దిగకు బాపూ. దాని తర్వాతది కుర్లా. ఆడ దిగు," అని చెప్పి ఆమె పోయింది.

బండి వచ్చింది. మల్లప్పను ఎవరో ఎక్కించారు. ఈసారి తలుపు పక్కన ఇనుపకడ్డీ దొరికింది, రెండు చేతులా పట్టుకున్నాడు. సయన్‌లో బండి ఆగగానే మెడ బయటికి చాచాడు. ఆ చివర డబ్బా తలుపులోనుంచి ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి పైకి లేచి ఉంది. అది సుగుణదే. మల్లప్ప కూడా చెయ్యెత్తాడు. అతను దించకముందే బండి కదిలింది. జనం అతన్ని లోపలికి నెట్టారు. ఆ చెయ్యి లోపలికి పోయిందో, అట్లాగే బయట ఉండిపోయిందో, తలుపు దగ్గర ఆమె కాలు నిలిచిందో లేదో అతనికి కనబడలేదు. సయన్‌నుంచి కుర్లా దాకా బొంబాయివాళ్లకు నాలుగైదు నిమిషాలు. మల్లప్ప ఆ దూరాన్ని ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. బాబా మియా దుకాణం దగ్గర కూడా చెప్పలేదు.

కుర్లాలో దిగి, జనానికి ఎదురీదుతూ ఆ చివరి దాకా పోయాడు. ఆడవాళ్ల డబ్బా ఆగిన చోట, స్తంభానికి వీపు ఆనించి, సుగుణమ్మ మూట మీద కూర్చుని ఉంది. దిగినచోటే కూర్చుంది.

అతను ఆమె ముందు నిలబడ్డాడు. బస్సుకు ఇంకా టైముందని ఆమె అన్నది. మూట అతను నెత్తికెత్తుకున్నాడు. పగిడి లేని నెత్తికి మూట గుచ్చుకుంది.